పద్నాలుగో ఫారం

పోయినవారం టీచరమ్మ ఒక పుస్తకాన్ని కోయించిన సంగతి హెడ్మాస్టరు చెవిన పడ్డ దగ్గర ఆగాం. ఆ వారం పత్రిక అందనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అందినవాళ్ళు ఓపిక పట్టాలి.

అది బట్టలకు రంగులద్దే ఊరు. ఎగువవీధిలో బట్టలు అమ్మేవాళ్ళు, ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు. దిగువవీధిలో రంగు తొట్టెలు, వాటిలో చేతులు పెట్టేవాళ్ళు. బడి మాత్రం ఒకటే. ఆ బడిలో లైబ్రరీ గదికి ఒక ఆనవాయితీ ఉంది. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు నిలబడతాడు. పిల్లలు చేతులు చాపాలి. గోళ్ళలో రంగు లేనివాళ్ళు లోపలికి వెళతారు. ఉన్నవాళ్ళు వరండాలో బల్ల మీద కూర్చుంటారు. రంగు పుస్తకాలకు అంటుతుందట. తొట్టెల పక్కన పుట్టిన పిల్లల గోళ్ళలో నీలం ఎప్పుడు పోతుంది? ఆ నియమం దిగువవీధి పేరు ఎత్తలేదు. ఎత్తకుండానే పని జరిగిపోతోంది. తెలివైన అన్యాయం మర్యాదగానే ఉంటుంది.

మూడు నెలల కిందట తాత్కాలికపు ఉద్యోగంలో చేరిన టీచరమ్మకు ఆ గది అడుగు అరలో ఒక పాత నవల దొరికింది. అందులో ఒక మెట్ల వీధి. పైమెట్ల మీద పెద్ద ఇళ్ళు. ఆ ఇళ్ళన్నిటికీ తాళాలు చేసిపెట్టిన మనిషి కిందిమెట్టు దగ్గర ఉంటాడు. ఏ తలుపైనా తీయగలడు. ఏ తలుపులోంచీ లోపలికి పోలేడు. ఆయన కూతురి కథ అది. ఎనిమిదో తరగతికి చదివిస్తే దీన్నే చదివించాలి అనుకుంది టీచరమ్మ. తరగతిలో ముప్ఫైనలుగురు. పుస్తకం ఒక్కటి. పైగా ఏళ్ళనాటి జిగురు రాయిలా బిగుసుకుపోయి సగమే తెరుచుకునేది.

ఆమె దాన్ని బైండరు తాతకిచ్చి కుట్లు విప్పించింది. పుస్తకమంటే పదహారేసి పేజీల మడతలను వరసగా పేర్చి కుట్టిన కట్ట. ఆ మడతను పనివాళ్ళు ఫారం అంటారు. పదిహేడు ఫారాలు వచ్చాయి. రెండు వీధుల నుంచి ఒక్కొక్కరిని కలిపి పదిహేడు జతలు చేసింది. జతకొక ఫారం. ముందు కథ కావాలంటే ముందు జతను అడగాలి. తరవాతి కథ కావాలంటే తరవాతి జత కాళ్ళావేళ్ళా పడాలి. రెండు వారాలు ఆ బడి ఆవరణలో "తరవాతేమైంది?" తప్ప ఇంకో మాట వినపడలేదు.

నిజానికి ఫారాల మీద అంకెలు పద్దెనిమిది దాకా ఉన్నాయి. పద్నాలుగోది లేదు. పదమూడో ఫారం చివర, తండ్రికి ప్రాణం మీదికి వస్తే, తాళాలవాడి కూతురు వానలో పరుగెత్తి పైమెట్టు మీది డాక్టరు ఇంటి ముందు నిలబడుతుంది. ఆ ఇంటి తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది. పదిహేనో ఫారం తెరిస్తే మూడేళ్ళు గడిచిపోయాయి. తాళాలవాడి ఇల్లు పాడుపడింది. పైమెట్ల మీద తాళాలన్నీ మార్చేశారు. మధ్యలో ఏమైంది?

"ఎలకలు తిని ఉంటాయమ్మా," అన్నాడు బైండరు తాత.

శుక్రవారం హెడ్మాస్టరు ఆమెను పిలిపించాడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. "సోమవారం ఆఖరి గంటకి పుస్తకం కుట్టి నా చేతికి రావాలి. ఒక్క మచ్చ లేకపోతే, ఇకమీద గుమ్మం దగ్గర ఎవరి చేతులూ చూడను. మచ్చ ఉంటే మీరు ఇంకో ఊరు చూసుకోండి," అన్నాడు.

ఇది ఆ సోమవారం.

*

పొద్దున టీచరమ్మ బయల్దేరుతుంటే వాళ్ళమ్మ ట్రంకుపెట్టె పక్కన చతికిలబడి ఉంది.

"ఇది నాలుగో ఊరే తల్లీ. పెట్టెకి కట్టిన తాడు విప్పమంటావా, ఉంచమంటావా?"

"ఉంచు. సాయంత్రం చెప్తాను."

"నీ నోరు ఒక్క ఏడాది మూసుకుంటే ఈ తాడు ఎప్పుడో బట్టలారేసుకోడానికి పనికొచ్చేది," అంది వాళ్ళమ్మ.

మధ్యాహ్నం ఆఖరి పీరియడుకు బైండరు తాత వచ్చాడు. పొట్టి మనిషి, నడుముకు కట్టుకున్న మురికి తోలుపట్టా, చెవి మీద పెన్సిలు. కుడిచేతి బొటనవేలు మడతలు నొక్కి నొక్కి గరిటెలా చదునైపోయింది. ఊళ్ళో ఆ వేలు చూసే ఆయన్ని గుర్తుపడతారు, మొహం తరవాత. కుట్టే చట్రాన్ని కిటికీ దగ్గర బల్ల మీద నిలబెట్టాడు. దారానికి మైనం రుద్దాడు.

"కోయించేటప్పుడున్న ధైర్యం కుట్టించేటప్పుడు లేదేమ్మా మొహంలో?"

"కోసింది నువ్వేగా తాతా. ధైర్యం నీదే."

"నాదేముంది. సూదికి ధైర్యం ఉంటే నాకూ ఉన్నట్టే." పిల్లల వైపు తిరిగాడు. "ఒరేయ్, వినండి. ఒక్కో జతా రండి. మీ ఫారం నడిమి మడత తెరిచి చూపించి, మీ కథ చెప్పి, నా చేతికివ్వండి. కథ సాగినంతసేపే సూది సాగుతుంది. మీరాగితే నేనాగుతాను. గంట కొట్టాక మీ టీచరమ్మ గతి మీ ఇష్టం."

మొదటి జత లేచింది. ఎగువవీధి రేడియో. ఎవరూ తిప్పకపోయినా మోగుతాడని ఆ పేరు. అతని పక్కన దిగువవీధిలో తొట్టెలు కడిగేవాడి కొడుకు. రేడియో మొదలుపెట్టాడు. "పైమెట్టుకీ కిందిమెట్టుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయో రాయలేదు టీచర్. రెండుసార్లు వెతికాను. అన్నీ రాశారు, తలుపుల రంగులు కూడా రాశారు, అదొక్కటి రాయలేదు."

"ఎందుకు రాయలేదంటావు?"

రేడియో మొట్టమొదటిసారి ఆగిపోయాడు. పక్కవాడు నోరు విప్పాడు. "దిగేవాళ్ళకి తక్కువుంటాయండి. ఎక్కేవాళ్ళకి ఎక్కువుంటాయి. ఎవరి లెక్క రాస్తారు?"

బైండరు తాత సూది గాల్లో నిలిచిపోయింది. "వీడెవడమ్మా? నా గడ్డం తెల్లబడ్డాక తెలిసింది వీడికి మీసం రాకముందే తెలిసింది."

అలా సాగింది. ఒక జత చెబుతుంటే తరవాతి జత ఎగదోసేది. "అక్కడ వదిలెయ్, అది మాది!" అని ఒకరు, "మీదాంట్లో వాడు బతికున్నాడా, మాదాంట్లో శవం లేస్తోంది!" అని ఇంకొకరు. పద్నాలుగో ఫారం గురించి తగువు మధ్యమధ్య పొగలా లేచేది. తలుపు తట్టిందనేవాళ్ళు కొందరు. తాళం తీసుకుని లోపలికి పోయిందనేవాళ్ళు కొందరు. ఈ రెండు పార్టీల్లోనూ రెండు వీధులవాళ్ళూ ఉన్నారు. ఆ బడి పుట్టాక వీధిని బట్టి చీలని తగువు ఇదొక్కటే. టీచరమ్మ దాన్ని ముద్దుగా చూసుకుంటోంది.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు వింతగా అనిపించింది. ఏ జత వచ్చినా ఫారం తెరిచి పట్టుకునేటప్పుడు మడత మధ్యలో బొటనవేలు గట్టిగా నొక్కి పట్టుకుంటోంది. అందరూ ఒకలాగే. ఎవరో నేర్పినట్టు. బైండరు తాత దగ్గర చూసి నేర్చుకుని ఉంటారనుకుంది.

ఎనిమిది ఫారాలు చట్రమెక్కాయి. తొమ్మిదో జత లేచింది. ఎగువవీధి మందులషాపాయన కూతురు, దిగువవీధి పిచ్చుక. పిచ్చుక రంగుల మేస్త్రి కూతురు. ఎక్కడా కుదురుగా నిలబడదు. ఒంటికాలి మీదే కథ ఎత్తుకుంది.

"తాళాలవాడి కూతురు తాళంచెవి ఇవ్వడానికి డాక్టరు గారింటికి వెళ్తుంది. డాక్టరు గారమ్మాయి లోపలికి రమ్మంటుంది. కుర్చీ వేస్తుంది. ఈ పిల్ల కూర్చుంటుంది. ఇంటికొచ్చి వాళ్ళ నాన్నకి చెప్తుంది, కుర్చీ ఎంత మెత్తగా ఉందో. కానీ దానికి తెలీనిది మనకి తెలుసు. అది అటు వెళ్ళగానే డాక్టరు గారమ్మాయి కుర్చీని తడిగుడ్డతో తుడిచేసింది. వాళ్ళమ్మ చూడకముందే."

"ఎందుకు తుడిచింది?" అడిగింది టీచరమ్మ.

మందులషాపమ్మాయి తలెత్తలేదు. "స్నేహితురాలిని వాళ్ళమ్మ ఏమీ అనకుండా."

"ఏమంటుంది? కుర్చీకేం అంటింది గనక?" అంది పిచ్చుక. "ఏమీ అంటలేదుగా. తుడిస్తే అంటినట్టేగా?"

మందులషాపమ్మాయి మొహం పాలిపోయింది. ఫారాన్ని గుండెలకు అదుముకుంది. బైండరు తాత చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. "ఇవ్వమ్మా, దారం ఆరిపోతుంది" అని ఆయనే లాక్కుని తెరిచాడు.

నడిమి మడతలో నీలం మచ్చ. దాని పక్కన శనగగింజంత చిల్లు. చిల్లు చుట్టూ కాగితం నలిగి దూదిలా లేచింది. స్పిరిట్ వాసన.

తరగతి భగ్గుమంది.

"నీలం! పిచ్చుక అంటించింది!"

"అయిపోయింది. టీచరు ఉద్యోగం పోయింది."

"నే ముందే అన్నాను, వాళ్ళ చేతికివ్వద్దని."

ఆ మాట అన్నవాడు నిమిషం కిందటిదాకా పిచ్చుక వైపున నిలబడి "తట్టింది, తట్టింది" అని గొంతు చించుకున్నవాడే. రెండు వారాల పని ఒక్క మచ్చకు నీరుగారిపోయింది. టీచరమ్మకు ట్రంకుపెట్టె తాడు కళ్ళముందు కనపడింది.

మందులషాపమ్మాయి ఏడుస్తోంది. "చెరిపేద్దామనుకున్నాను టీచర్. షాపులోంచి స్పిరిట్ తెచ్చి దూదితో రుద్దాను. మచ్చ పోలేదు. కాగితం పోయింది. పిచ్చుకకి తెలిస్తే బాధపడుతుందని చెప్పలేదు."

పిచ్చుక రెండు కాళ్ళూ నేల మీద ఆన్చింది. ఎవరూ అంతకుముందు చూడని దృశ్యం అది.

"నేను చేశానని ఎవరు చెప్పారు నీకు?"

"నీలం కదా మరి..."

"అడిగావా?"

మందులషాపమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"రెండు వారాలు ఒక్క బల్ల మీద కూర్చున్నాం. నీ రిబ్బను పోతే అడిగావు. రబ్బరు పోతే అడిగావు. ఇదొక్కటీ అడగలేకపోయావా? అడిగితే చెప్పేదాన్నిగా, కాదని!"

దయ చూపేవాళ్ళకు అడిగే అలవాటు ఉండదు. అడిగితే ఎదుటివాడు కాదంటాడేమో, ఇక దయకు చోటుండదేమోనని భయం.

పిచ్చుక ఫారం లాక్కుంది. నీళ్ళసీసాలో వేలు ముంచింది. తరగతి "ఏయ్" అనేలోపు తడివేలితో మచ్చ మీద రుద్దింది. వేలు ఎత్తి చూపించింది. వేలికేమీ రాలేదు.

"చూశారా? మాది కాదిది. ఇప్పుడు మేం వేసేది పొడి రంగు. తడి తగిలితే చాలు, ఏడుస్తుంది." తన గోటిని తడిపి నోటుబుక్కు మీద రాసింది. నీలం చార పడింది. "ఇది ఏడవట్లేదు. ఇది పాత తొట్టి నీలం. మా తాత చొక్కా ఒకటుంది ఇంట్లో. గుడ్డ చివికి జల్లెడైంది గానీ నీలం పోలేదు. ఆ తొట్టి మా నాన్న చిన్నప్పుడే పూడ్చేశారు."

టీచరమ్మ ఫారాన్ని కిటికీ వెలుగుకు పెట్టింది. మచ్చ మడతకు అటూ ఇటూ ఉంది. నట్టనడుమ, మడత వెంట, వెంట్రుక మందాన తెల్లటి గీత. అక్కడ నీలం లేదు.

"తాతా, దారం ఎక్కడ పోతుంది ఫారంలో?"

బైండరు తాత కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఏ ప్రశ్నకైనా ఎదురు ప్రశ్న సిద్ధంగా ఉంచుకునే మనిషి. "మడత వెంబడే," అన్నాడు చివరికి.

"అంటే నువ్వు కుట్లు విప్పకముందే, దారం లోపల ఉండగానే, దాని మీద నీలపువేలు పడింది. దారం కింద మాత్రం తెల్లగా మిగిలింది. అవునా?"

"అవుననే అనిపిస్తోంది."

"నీకు విప్పినప్పుడు కనపడలేదా?"

"వయసైపోయిందమ్మా," అన్నాడు. అంత సన్నటి సూదిలోకి కళ్ళజోడు లేకుండా దారం ఎక్కించిన మనిషి.

టీచరమ్మ తరగతి వైపు తిరిగింది. ఇందాకటి బొటనవేళ్ళు గుర్తొచ్చాయి.

"ఇంకెవరి ఫారంలో ఉంది మచ్చ?"

వెనకబల్లలో ఒక చెయ్యి లేచింది. దాని పక్కన ఇంకోటి. వరసగా లేచాయి. ముప్ఫైనాలుగు చేతులు. పదిహేడు జతలకూ మచ్చ ఉంది. పదిహేడు జతలూ దాచాయి.

"వీడే చేశాడనుకున్నాను," అన్నాడు రేడియో చిన్నగా. "చెప్తే వీణ్ణి బయట కూర్చోబెడతారని చెప్పలేదు."

తొట్టెలు కడిగేవాడి కొడుకు తన చేతుల్లోకి చూసుకున్నాడు. "నేనే చేశాననుకున్నాను," అన్నాడు.

మచ్చ కనపడగానే తన చేతులు చూసుకోవడం దిగువవీధిలో అక్షరాలకంటే ముందు వస్తుంది. ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ గుమ్మం నేర్పుతుంది.

కానీ ఆ బరువు ఎంతోసేపు నిలవలేదు. పిల్లలు కదా. క్షణంలో గది తేనెపట్టులా అయింది. ఫారాలన్నీ కిటికీ దగ్గరికి చేరాయి. కుట్టిన ఎనిమిదీ చట్రంలోనే విప్పారాయి. అన్నీ ఒకే వేలు. చిన్న వేలు, తమ వయసు వాళ్ళది.

"ఎవడో మనలాంటోడే చదివాడు. మొత్తం చదివాడు."

"గుమ్మం దాటి ఎలా వెళ్ళాడు? చేతులు చూస్తారుగా?"

"అమ్మాయేమో!"

"ఇదిగో, ఇందులో బాగా పడింది!"

పదకొండో ఫారం. అందులో వేలి గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ గీతల మీదుగా, ఏటవాలుగా, తెల్లటి కోత. ఎప్పుడో తెగి మానిన వేలు. కోత కింద కొసన కొక్కెంలా వంపు తిరిగింది. అందరూ తమ తమ వేళ్ళు చూసుకుని, తాతల వేళ్ళు తలుచుకుని, ఊళ్ళో తెగినవేలున్న వాళ్ళందరినీ ఏకరువు పెట్టారు. పిచ్చుక మాత్రం ఒంగి చూసింది. తన కుడిచేతి మణికట్టు చూసుకుంది. మళ్ళీ ఒంగి చూసింది.

"ఈ వేలు నాకు తెలుసు టీచర్."

"ఎవరిది?"

"రోజూ గుమ్మం దగ్గర నా చెయ్యి తిప్పి చూసేది ఇదే."

దిగువవీధి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూశారు. తలలూపారు. ఏళ్ళ తరబడి తల వంచుకుని చేతులు చాపినవాళ్ళకు ఆయన మొహం కంటే ఆ వేలే బాగా తెలుసు. ఎగువవీధి పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. వాళ్ళ చేతులు ఆయన ఎప్పుడూ పట్టుకోలేదు.

హెడ్మాస్టరు పదకొండేళ్ళ కిందట బదిలీ మీద వచ్చినవాడు. ఎగువవీధిలో ఇల్లు తీసుకున్నాడు. ఆయన సొంతఊరు ఏదని ఎవరూ అడగలేదు. మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకున్నవాణ్ణి ఎవరూ అడగరు.

గంట కొట్టారు.

*

ఆయన గంట మోత ఆగకముందే గుమ్మంలో ఉన్నాడు. చేతులు వెనక కట్టుకుని.

"పుస్తకం?"

టీచరమ్మ దగ్గర ఇప్పుడు ఒక కత్తి ఉంది. ఒక్కమాట అంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. పెట్టె తాడు విప్పుకోవచ్చు. ఆమె ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకుని మింగేసింది. పిల్లల ముందు ఒక మనిషి పుట్టుకను బయటికి లాగి గెలవడం, గుమ్మం దగ్గర గోళ్ళు చూడటం, రెండూ ఒకే పని.

"పూర్తికాలేదండీ. మచ్చ ఉంది. చిల్లు కూడా ఉంది."

హెడ్మాస్టరు చూపు సూటిగా దిగువవీధి పిల్లల మీద వాలింది. "చేతులు చాపండి."

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. నిజం తెలిసి కూడా పదిహేడుమంది లేచి చేతులు చాపారు. ఆ వరస చివర పద్దెనిమిదో చెయ్యి వచ్చింది. తెల్లటిది. మందులషాపమ్మాయిది.

"చిల్లు చేసింది నేనండీ. పిచ్చుక కాదు. దీనికి చెప్పకుండా చేశాను."

పిచ్చుక ఆ పిల్ల వైపు ఓరగా చూసింది. క్షమించినట్టు లేదు. కానీ కొంచెం జరిగి చోటిచ్చింది. తరవాత హెడ్మాస్టరు ముందుకు నడిచింది.

"మీరూ చూపించండి సార్."

"ఏమిటి?"

"చేతులు. పుస్తకం ముట్టుకోబోతున్నారుగా. ముట్టుకునే ముందు చూపించాలిగా."

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఇక తాడు విప్పే పని లేదు అనుకుంది.

ఎంతసేపటికీ ఇంకో ఊరు చూసుకొమ్మనే మాట వినపడలేదు. కళ్ళు తెరిస్తే ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు. పదకొండో ఫారం ముందు. వెనక కట్టుకున్న చేతుల్లో కుడి బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుపోయింది. ఆయన మెడ వెనక చొక్కా కాలరు చెమటకు తడిసింది. మొట్టమొదటిసారి ఆ మనిషి ఇస్త్రీ చెదరడం చూశారు పిల్లలు.

"పద్నాలుగో ఫారంలో ఏం జరిగిందనుకుంటున్నారు మీరంతా?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కుతూహలం భయం కంటే బలమైంది. "తలుపు తట్టింది!" "కాదు సార్, తాళం తీసింది!" "తడితే తియ్యరు, అందుకే వాళ్ళ నాన్న చచ్చిపోయాడు!" "తీస్తే దొంగ అన్నారు, అందుకే తాళాలు మార్చారు!"

"రెండూ కాదు," అన్నాడాయన.

గదిలో గాలి కూడా ముందుకు ఒంగింది.

"మీరు చదివారా సార్?" రేడియో అడిగేశాడు.

"చదివాను."

"మరి సార్... ఈ మచ్చ లెక్కలోకొస్తుందా?"

హెడ్మాస్టరు ఆలోచించాడు. పందెం కాసిన మనిషి ఓడిపోయేటప్పుడు అంత నెమ్మదిగా ఓడిపోవడం టీచరమ్మ ఎక్కడా చూడలేదు.

"రాదు," అన్నాడు. "అది పాతది."

జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. ఒకదాన్ని వేరుచేసి పిచ్చుక వైపు చాపాడు. "నా గదిలో ఇనప బీరువా. కింది అర. నీలం గుడ్డలో చుట్టి ఉంటుంది. తీసుకురా."

పిచ్చుక చాపిన చెయ్యి మధ్యలో ఆపింది. "చేతులు కడుక్కోనా సార్?"

పదకొండేళ్ళు ఆ ప్రశ్న లేకుండానే జవాబు చెప్పిన మనిషి. ఇప్పుడు ప్రశ్న వచ్చింది, జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"వద్దు."

పిచ్చుక తాళంచెవి అందుకుని పరుగెత్తింది. అడుగుల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది. టీచరమ్మ ఆయన పక్కకు వెళ్ళి, పిల్లలకు వినపడకుండా అడిగింది.

"ఆ ఫారం మీరే కోశారా?"

"నాకు కొయ్యడం రాదు," అన్నాడు. "అటు పదమూడూ ఇటు పదిహేనూ కదలకుండా మధ్యలోది తియ్యాలంటే పని తెలిసిన చెయ్యి కావాలి. నాకు తెచ్చి ఇచ్చారు. చదివాక తిరిగి ఇచ్చేస్తానన్నాను. ఆ వారమే మేం ఊరొదలాల్సి వచ్చింది."

"ఎవరు తెచ్చిచ్చారు?"

ఆయన గుమ్మం వైపు తిరిగాడు. వరండాలో అడుగులు తిరిగి వస్తున్నాయి. వెళ్ళినప్పటి పరుగు కాదు. ఆగి ఆగి, చదువుకుంటూ నడిచేవాళ్ళ నడక.

పిచ్చుక గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో వెలిసిన నీలం గుడ్డ. ఇంకో చేతిలో తెరిచిన పదహారు పేజీలు. ఫారాన్ని హెడ్మాస్టరుకు ఇవ్వలేదు. టీచరమ్మకూ ఇవ్వలేదు. వెలుగుకు ఎత్తి పట్టుకుంది.

"టీచర్, ఇందులో బొటనవేళ్ళు రెండున్నాయి. ఒకటి ఆ కోత వేలు. రెండోది నీలం కాదు. జిగురు. పెద్దవాళ్ళది. వెడల్పుగా ఉంది." తల పక్కకు వంచి చూసింది. "గరిటెలాగ."

ముప్ఫైనలుగురు పిల్లలూ ఒక్కసారే కిటికీ వైపు తిరిగారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బైండరు తాత కుడిచెయ్యి అప్పటికే నడుముకున్న తోలు కిందికి పోయింది. ఎడమచేతిలోని సూది నేల మీద పడింది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడింది. ఈ వారానికి ఇక్కడ ఆగుదాం.